కానీగారి రెండు మాటలు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. గ్రంథాలయం సభ్యత్వ కార్డు మీద అది అచ్చయి కూడా ఉంది. అయితే ఆ పేరుతో ఆయన్ని పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కౌంటరు దగ్గర కూర్చునే అమ్మాయి నుంచి సైకిళ్ల దగ్గర నిలబడే వాచ్‌మన్ వరకు అందరికీ ఆయన కానీగారు. ఈ బిరుదు మొదట ఎవరి నోట వచ్చిందో తెలియదు గాని, ఆ నోట్లో చక్కెర పోయాలి.

ఎందుకంటే కానీగారు ఏది మాట్లాడినా "బాగానే ఉంది" అని మొదలుపెడతారు. మధ్యలో "కానీ" దగ్గర మలుపు తిరుగుతారు. ఆ మలుపు దాటాక అవతలి మనిషి పరువు రోడ్డున పడుతుంది. కోడిగుడ్డుకు ఈకలు పీకేవాళ్లను అందరమూ చూశాం. ఈయన పీకిన ఈకలను లెక్కపెట్టి, అందులో ఒకటి తక్కువైందని మళ్లీ గుడ్డునే నిలదీసే రకం.

అది ఆయనకు ఉద్యోగం నేర్పిన విద్య. బతుకంతా ఆడిట్ ఆఫీసులో గుమాస్తాగా చేశారు. ఎవరో ఎండలో నిలబడి వంతెన కట్టేవారు, ఎవరో నిద్ర మానుకుని ఆసుపత్రికి మంచాలు కొనేవారు. ఆ కాగితాలన్నీ చివరికి కానీగారి బల్ల మీదికి వచ్చేవి. ఆయన కళ్లజోడు సర్దుకుని, వాళ్లు రాసినదాని కింద "సక్రమముగానే ఉన్నది, కానీ" అని అభ్యంతరం రాసేవారు. అంత సర్వీసులోనూ ఖాళీ కాగితం మీద తానుగా మొదలుపెట్టి రాసింది ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఇంకొకరి రాత కిందే ఆయన రాత. దాన్ని ఆయన నిజాయితీ అనుకునేవారు. పదవీ విరమణ రోజున తోటివాళ్లు నాలుగు మంచి మాటలు చెబితే, "అంతా బాగానే చెప్పారు కానీ, నేను చేరిన సంవత్సరం తప్పు చెప్పారు" అని బదులిచ్చి ఇంటికి వచ్చేశారు.

ఇంట్లో మాత్రం తక్కువ తిన్నారా? ఆయన భార్య కూర ఎలా ఉందని అడగడం ఎప్పుడో మానేసింది. ఆయన "కూర బాగుంది" అనేసరికే గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. కానీ అనే మాట గోడకు తగిలి పడిపోయేది. కూతురు చిన్నప్పుడు ఒకసారి క్లాసులో మొదటి ర్యాంకు తెచ్చుకుని, చెప్పులైనా విప్పకుండా పరిగెత్తుకొచ్చి ప్రోగ్రెస్ కార్డు చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మొదటి ర్యాంకు బాగానే ఉందమ్మా, కానీ రెండో ర్యాంకు వాడికీ నీకూ తేడా ఎంత?" అన్నారు. ఆ పిల్ల వెనక్కి వెళ్లి గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది. ఆ తర్వాత సంతకం కావలసినప్పుడు తల్లి దగ్గరికే వెళ్లేది. ఇప్పుడు ఆమె ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పులవాళ్లకు వ్యాయామం చేయిస్తుంది, తల్లిదండ్రులతోనే ఉంటుంది, తండ్రితో అవసరానికి మించి మాట్లాడదు. మంచి ఉద్యోగమే కానీ డాక్టరు కాదు కదా అని ఆయన ఆమె ముందే నలుగురికీ చెప్పుకున్నారు మరి.

ఇలాంటి మనిషికి పదవీ విరమణ అయితే ఏం చేస్తాడు? తప్పు పట్టడానికి ఇంట్లో ఉన్నది ఇద్దరు, ఇద్దరూ దొరకరు. అప్పుడు గ్రంథాలయం వాళ్లు పెద్దల కోసం వేసవి పఠన కార్యక్రమం మొదలుపెట్టి ఆయన ప్రాణం నిలబెట్టారు.

ఆ కార్యక్రమం కూడా చూసి తీరవలసిందే. ఒక పుస్తకం చదివితే కార్డు మీద ఒక ముద్ర. కార్డు నిండితే ఒక గుడ్డసంచి. తల నెరిసిన మనుషులు ఆ సంచి కోసం బొమ్మల పుస్తకాలు కూడా చదివి ముద్ర వేయించుకునేవారు. సాయంత్రం హాల్లో రోజుకో సభ. ఒకరోజు తేనెటీగలు పెంచే ఆవిడ, ఒకరోజు పాత పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన, ఒకరోజు కవిత్వం రాసే బస్సు కండక్టరు. వచ్చేవాళ్లలో సగం మంది ఏసీ చల్లదనానికి వస్తారు, మిగతా సగం బిస్కెట్లకు. కానీగారు ఒక్కరే శ్రద్ధగా వినడానికి వస్తారు. వేటగాడికి ఉండే శ్రద్ధ అది.

ఆయన కుర్చీ నాలుగో వరుసలో చివరిది, నడవ పక్కన. ఉపన్యాసం అయ్యాక గ్రంథాలయాధికారిణి "ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా?" అని మర్యాదకు అడిగేది. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపు కానీగారు మైకు దగ్గర ఉండేవారు. "రెండే రెండు మాటలు" అనేవారు. హాల్లో ఉన్నవాళ్లు చేతిసంచులు ఒళ్లోంచి కింద పెట్టుకునేవారు, ఇక ఇప్పట్లో లేచేది లేదని తెలిసి. ఆ రెండు మాటలు పూర్తయ్యేసరికి టీ చల్లారిపోయేది. తేనెటీగల ఆవిడ ఈగల గురించి ఒక అంకె పొరపాటు చెప్పిందని తేల్చేవారు. కండక్టరు కవితలో బండి ముందు ఆగి తర్వాత బ్రేకు పడిందని పట్టుకునేవారు.

అన్నిటికన్నా నీచమైనది దర్జీ సంగతి. బజారులో ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ ఒకాయన, జీవితంలో మొదటిసారి ఒక లావుపాటి నవల చదివి, "నాకు నచ్చిన పుస్తకం" అనే సాయంత్రం మాట్లాడాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. "అందులో ఆ పిల్లకి తల్లి పోతుందండి. అక్కడ మిషను ఆపేశాను. ఆ రోజింక కుట్టలేకపోయాను" అన్నాడు. కానీగారు లేచారు. "బాగానే చెప్పాడు కానీ, పోయింది తల్లి కాదు, పిన్ని" అన్నారు. జనం నవ్వారు. నిజానికి ఆ నవలంతా ఆ పిల్ల పిన్నినే అమ్మా అని పిలుస్తుంది. అది కానీగారికి తెలియదు. ఆయన చూసింది మొదటి పేజీలో వేసిన వంశవృక్షం ఒక్కటే. దర్జీ వారం రోజులు గ్రంథాలయం వైపు రాలేదు.

ఇంతా చేసి ఆయన కోరిక ఒక్కటే. వేదిక మీది కుర్చీ. ముగింపు రోజున పూలకుండీ పక్కన వేసే ఆ పెద్ద కుర్చీలో కూర్చోవాలి, ముఖ్య వక్త అనిపించుకోవాలి. ప్రతి ఏడాదీ అధికారిణి గదికి వెళ్లి, "బయటివాళ్లను పిలవడం బాగానే ఉంది మేడమ్, కానీ ఊళ్లో ఉన్నవాళ్లకి కూడా అవకాశం ఇవ్వాలి కదా" అనేవారు. "చూద్దామండి" అనేది ఆవిడ, పన్ను పీకించుకోవడం వాయిదా వేసినట్టు. ఆయన మళ్లీ నాలుగో వరుసకు వచ్చి, కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద కసి తీర్చుకునేవారు.

ఈ వేసవి ముగింపు రోజున పిలిచిన పెద్దమనిషికి గొంతు పోయింది. మధ్యాహ్నం ఆయన ఇంటివాళ్లు ఫోన్ చేసి రాలేరని చెప్పారు. హాలు సిద్ధం, బ్యానరు కట్టేశారు, బిస్కెట్లు వచ్చేశాయి. అంత తక్కువ వ్యవధిలో ఎవరు మాట్లాడగలరా అని అధికారిణి తల పట్టుకుని ఆలోచిస్తే, ఆపమన్నా ఆపనివాడు ఒక్కడే గుర్తొచ్చాడు. చచ్చినట్టు ఫోన్ చేసింది.

"రెండు మాటలు కాదండి, నలభై నిమిషాలు మాట్లాడాలి. విషయం మీ ఇష్టం."

కానీగారు ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఇంట్లో ఆయనకు కాలు నిలవలేదు. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నారు. ఆసుపత్రికి ఫోన్ చేసి కూతురితో, "ఇవాళ పెందరాళే రామ్మా. ముఖ్య వక్తని నేనే. మీరిద్దరూ ముందు వరుసలో కూర్చోవాలి" అన్నారు.

భార్య పక్కనుంచి, "నేనూ రావాలాండీ?" అంది.

"నువ్వు రాకపోతే ఎలా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఇన్నేళ్లలో ఆయన ఏనాడూ వాళ్లను ఆ హాలుకు తీసుకెళ్లలేదు. ఇవాళ వాళ్లు చూడాలి. తన మాట కోసం ఊరు ఎదురుచూస్తుందని ఆ ఇద్దరికీ తెలియాలి. మనసులో ఉన్నది అదొక్కటే, ఆ సంగతి ఆయన తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ప్రసంగం రాసుకుందామని కూర్చున్నారు. "సభకు నమస్కారం" అని రాశారు. ఆ తర్వాత కలం కదలలేదు. తెల్లకాగితం పైన ఇంకెవరూ ఏమీ రాసి పెట్టలేదు మరి. "పుస్తకాలు చదవడం మంచిదే, కానీ" అని రాయబోయి, గ్రంథాలయంలో అలా అంటే బాగుండదని ఆగారు. మైకు ముందు నిలబడితే మాట అదే వస్తుంది, ఎప్పుడు రాలేదు గనక అనుకున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

హాలు నిండింది. జనం వచ్చింది గొంతు పోయిన పెద్దమనిషి కోసమే, ఆయన రాలేదన్న సంగతి వాళ్లకు లోపలికి వచ్చాక తెలిసింది. ముందు వరుసలో భార్యా కూతురూ కూర్చున్నారు. కానీగారు పెద్ద కుర్చీలో కూర్చుని చేతులు రెండు వైపులా ఆనించారు. కుర్చీ ఆయనకు కొంచెం వెడల్పు.

అధికారిణి పరిచయం చేస్తూ, "వీరు ఇరవై ఏళ్లుగా మన గ్రంథాలయానికి ఆప్తులు" అంది.

కానీగారి ముఖం వెలిగిపోయింది. లేచి మైకు అందుకున్నారు. "మేడమ్ బాగానే చెప్పారు కానీ, ఇరవై కాదు, పద్దెనిమిది." జనం నవ్వారు. ఆయనకు ఊపు వచ్చింది. "ఇవాళ రావలసిన పెద్దలు రాలేదు. కానీ..."

అక్కడ ఆగిపోయారు.

పెద్దలు రాలేదు, కానీ ఏమిటి? ఎప్పుడూ ముందు మంచి, వెనక చెడ్డ. మంచి ఇతరులు తెచ్చేవారు, చెడ్డ ఆయన వడ్డించేవారు. ఈ వాక్యం తలకిందులుగా మొదలైంది. ఈసారి చెడ్డ ముందే అయిపోయింది, మంచి చెప్పవలసింది ఆయన. చెప్పడానికి ఏమీ లేదు. మాటలు కూడదీసుకోవడానికి నీళ్లు తాగారు. బతుకులో ఇన్ని వేల మాటలు మాట్లాడారు, అందులో తన సొంత మాట ఒక్కటి వెతికితే దొరకలేదు. తేనెటీగల ఆవిడకు ఈగలు ఉన్నాయి, దర్జీకి ఆపేసిన మిషను ఉంది. ఆయనకు వాళ్ల తప్పులు తప్ప ఏమున్నాయి?

"కానివ్వండి సార్" అంది అధికారిణి మెల్లగా. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"పుస్తకాలు చదవాలి" అన్నారు కానీగారు. కాస్త ఆగి, "మంచి పుస్తకాలు చదవాలి" అన్నారు. వచ్చి కూర్చున్నారు. రెండే రెండు మాటలు. ఇన్నేళ్లకు అన్న మాట మీద నిలబడ్డారు.

జాలిపడి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అవి ఆగాక అధికారిణి అలవాటు కొద్దీ, "ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా?" అంది. హాలంతా అలవాటు కొద్దీ నాలుగో వరుస చివరికి తల తిప్పింది. వేదిక మీంచి కానీగారు కూడా అటే చూశారు. కుర్చీ ఖాళీగా ఉంది. అందులోంచి ఎవరో ఒకరు లేచి "బాగానే ఉంది కానీ" అంటే చాలు, ఆయనకు ప్రాణం లేచి వచ్చేది. ఆ కానీ పట్టుకుని గంటసేపు మాట్లాడేవారు.

వెనక దర్జీ లేచాడు. కానీగారు కుర్చీలోంచి ముందుకు వంగారు.

"బాగుంది సార్" అని చెప్పి దర్జీ కూర్చున్నాడు.

అతను వెటకారం చేశాడో, దయ తలచాడో కానీగారికి అంతుపట్టలేదు. ఇంకెవరూ లేవలేదు. అంత జనంలో ఆయన మాట మీద ఒక్కరూ ఒక్క కానీ ఖర్చు పెట్టలేదు. అందరూ బిస్కెట్ల బల్ల వైపు నడిచారు.

ఇంటికి వెళ్లే దారిలో భార్య నాలుగు అడుగులు ముందు నడిచింది. కూతురు ఆయన పక్కన నడుస్తోంది. మందుల షాపు దాటేదాకా ఆయన ఓపిక పట్టారు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా."

ఆయన నడక తగ్గించి ఎదురుచూశారు. ఆమె చేతిసంచి ఇంకో భుజానికి మార్చుకుంది. మలుపు వచ్చింది.

"కానీ?" అని ఆయనే అందించారు. "చెప్పమ్మా, పరవాలేదు. తప్పులుంటే చెప్పు."

కూతురు ఆయన ముఖం వంక చూసింది. ఆ చూపులో కోపమైనా ఉంటే ఆయన తట్టుకునేవారు.

"తప్పు పట్టడానికి మీరేమైనా చెప్పాలి కదా నాన్నా" అంది.

అప్పటికే గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య తాళంచెవి కోసం చెయ్యి చాపింది. ఆయన జేబులో చెయ్యి పెట్టి, చూసుకోకుండా ఆ మడిచిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె విప్పి, సభకు నమస్కారం అన్న ఒక్క ముక్కా చదివి, కింద ఇంకేమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ఆయనకే ఇచ్చేసింది.