చివరి గుండీ

మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లను చూసుకునే ఆ హోమ్‌లో అందరూ ఆమెను 'ఆలస్యం ఆయా' అంటారు. మిగతా ఆయాలు నలుగురికి బట్టలు మార్చేసరికి ఆమె ఇంకా మొదటావిడ దగ్గరే ఉంటుంది. కిటికీ పక్క మంచంలోని టీచరమ్మకు గౌను తొడిగి, గుండీలన్నీ పెట్టి, చివరిదొక్కటి వదిలేసి చేతులు కట్టుకుని నిలబడుతుంది. టీచరమ్మ వేళ్లు తడుముకుంటూ, తప్పిపోతూ, ఎలాగో ఆ గుండీ పెట్టేస్తాయి. అప్పుడావిడ తలెత్తి, పలక చూపించే పిల్లలా ఆయావైపు చూస్తుంది.

ఆయాకు జ్వరమొచ్చి పదిరోజులు రాలేదు. బదులుగా వచ్చినామె గుండీలన్నీ తనే చకచకా పెట్టేసింది. ఆయా తిరిగొచ్చేసరికి టీచరమ్మ వేళ్లు ఒళ్లో ఊరికే పడి ఉన్నాయి. అయినా ఆమె రోజూ చివరి గుండీ వదిలేసి ఎదురుచూస్తూనే ఉంది.

"ఇంకా ఎన్నాళ్లు చూస్తావే? నువ్వే పెట్టేసి రా," అని విసుక్కుంది నర్సమ్మ.

"ఇంకొక్క నిమిషం అక్కా," అంటూ ఆయా ముందుకు వంగింది.

టీచరమ్మ చెయ్యి మెల్లగా లేచింది. తన గౌను మీదికి కాదు, ఆయా కోటుకు విడిపోయి ఉన్న గుండీ మీదికి. "బడికి ఇలాగేనా వెళ్లేది?" అంటూ పెట్టింది.

చిన్నప్పుడు అమ్మ పోయాక, ఆయాకు మళ్లీ గుండీ పెట్టిన మొదటి చెయ్యి ఇదే. ఆ సాయంత్రం డ్యూటీ దిగి కోటు మార్చుకోబోతే, ఆ గుండీ విప్పడానికి ఆమెకు చేతులు రాలేదు.