పదహారు రాతిపొడి కుప్పలు

ముందే చెప్పేస్తాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. నందిగామలో హైస్కూలు పిల్లలకు ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా దిష్టి తగిలిందన్నా, గాలి సోకిందన్నా వాళ్లను ఏడిపించడంలో నేనే ముందుంటాను. నన్ను అలా పెంచింది మా నాన్న. అందుకే ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి ఏడాది పట్టింది. రాస్తున్నంతసేపూ ఆయన వెనక నిలబడి "ఆధారం ఏదమ్మాయ్?" అంటున్నట్టే ఉంది.

నాన్న ప్రభుత్వంలో జియాలజిస్టు. ఊళ్లు తిరిగి, ఎక్కడ బోరు వేస్తే నీళ్లు పడతాయో పరీక్ష చేసి చెప్పడం ఆయన ఉద్యోగం. అది పగటి పని. అంతకు ముందూ, తర్వాతా ఆయన పశువుల మనిషి.

జగ్గయ్యపేట దాటి నందిగామ వైపు వస్తుంటే, హైవేకి మూడు కిలోమీటర్లు లోపల మాకు పద్నాలుగు ఎకరాలు ఉంది. జానెడు మట్టి తీస్తే నాపరాయి తగులుతుంది. పంటకు పనికిరాదని తాతయ్య వదిలేసిన నేల అది. నాన్న అందులో గడ్డి పెంచాడు, చుట్టూ సుబాబుల్ వేశాడు, రెండు గేదెలతో మొదలుపెట్టాడు. ఆయన పోయేనాటికి చిన్నా పెద్దా కలిపి నలభై మూడు పశువులు. దేనికి ఏ మేత పడదో, ఏది ఎవరు పితికితే పాలు చేపదో ఆయనకు కంఠతా వచ్చు.

తెల్లారకముందే పాలు పితికి, స్నానం చేసి, స్కూటరు మీద ఆఫీసుకు వెళ్లేవాడు. సాయంత్రం వచ్చి బట్టలు మార్చుకుని గొడ్ల చావిడిలో దూరేవాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక పొయ్యి దగ్గర కూడా ఆయనే. మా అక్కచెల్లెళ్లిద్దరికీ జడలు వేసింది ఆయనే. పాయలు హెచ్చుతగ్గులుగా వస్తే విప్పి మళ్లీ వేసేవాడు, మాకు బడికి టైమైపోతున్నా సరే. అలసిపోయానని ఆయన నోటివెంట ఒక్కసారి కూడా వినలేదు. ఇప్పుడు నాకు సాయంత్రం ఆరింటికే నడుం పట్టేస్తుంటే, ఆ మనిషి ఎలా చేశాడా అని ఆశ్చర్యం వేస్తుంది.

ఆయన చూపించిన చోట నీళ్లు పడకపోవడం కూడా జరిగేది. అలాంటప్పుడు చాలామంది ముఖం చాటేస్తారు. నాన్న మాత్రం మర్నాడు పొద్దున్నే ఆ రైతు ఇంటికి వెళ్లి, "నా అంచనా తప్పిందండి" అని చెప్పి, వాళ్లు తిట్టినన్ని తిట్లూ తిని, ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేవాడు. తిట్టినవాళ్లే మళ్లీ ఆయన్నే పిలిచేవాళ్లు.

ఇక్కడ ఆయన పని తీరు ఒకటి చెప్పాలి. బోరు దిగుతుంటే లోపలి నుంచి రాతిపొడి, చిన్న చిన్న రాతి ముక్కలు పైకి చిమ్ముతాయి. ఒకదానికొకటి తగిలిస్తూ దించే ఇనప రాడ్డు ఒక్కోటి ఇరవై అడుగులు. ఏ రాడ్డుకు వచ్చిన పొడిని ఆ రాడ్డుకు విడిగా, చిన్న కుప్పగా గట్టు మీద పోయించేవాడు. ఆయనది ఎడమచేతి వాటం కనుక కుప్పలు కుడి నుంచి ఎడమకు సాగేవి. ప్రతి కుప్పలో సగం తడిపేవాడు, తడిస్తేనే రాయి అసలు రంగు తెలుస్తుంది. రంగు మారిన కుప్ప మీద తంగేడు రెమ్మ ఒకటి గుచ్చేవాడు. ముక్కల మీద తుప్పు రంగు కనిపిస్తే అక్కడ రాతిలో పగులు ఉందనీ, అందులో నీళ్లు తిరుగుతున్నాయనీ గుర్తు. ఆదివారాలు ఆయన వెంట వెళ్లి నేను నేర్చుకున్నది ఇంతే.

మూడేళ్ల కిందట, ఆషాఢంలో, పాలు పితుకుతూ పీట మీదే ఒరిగిపోయాడు. అప్పటికి వారం ముందే మా పొలంలో కొత్త బోరుకు చోటు చూసి, గుర్తుగా రాయి పాతి, సున్నం రాశాడు. ఎంత లోతు వెళ్లాలో ఎక్కడా రాయలేదు. ఆయన పుస్తకాలన్నీ వెతికాం.

రెండేళ్లు పాత బోరు మీదే నడిచింది. పోయిన ఎండాకాలం అది ఎండిపోయింది. నెల రోజులు ట్యాంకరు తోలించాం. ఒక శనివారం ట్యాంకరు అతను వచ్చి, తాను పట్టుకొచ్చే బావి కూడా అడుగంటిందనీ, సోమవారం నుంచి రాలేననీ చెప్పాడు. నలభై మూడు నోళ్లు. ఎండలు చూస్తే ఇంకా మూడు వారాలు ఉన్నాయి. గరికపాడు వైపు ఉండే పశువుల వ్యాపారి ఒకాయన ఆదివారం సాయంత్రం లారీలు తెచ్చి మొత్తం తోలుకుపోతానన్నాడు. నేను సరేనన్నాను. నాన్న పోయాక అమ్మ పొద్దున్నే లేవడానికి ఉన్న ఒకే కారణం ఆ చావిడి అని నాకు తెలుసు. తెలిసే సరేనన్నాను.

ఆదివారం పొద్దున ఆఖరి ప్రయత్నంగా బోరు లారీ తెప్పించి నాన్న గుర్తు పెట్టిన చోటే వేయించాం. ఆపరేటరుతో కలిపి అయిదుగురు తమిళనాడు వాళ్లు. వాళ్లెవరూ నాన్నను ఎరగరు. మా వైపు నేను, అమ్మ, పాతికేళ్లుగా మా దగ్గర పశువులు చూస్తున్న సాంబయ్య బాబాయి.

నేను చేసిన తప్పు ఒకటుంది. రాడ్డు రాడ్డుకూ పొడి విడిగా పోయమని చెప్పడం మరిచిపోయాను. నాన్న కూతురినై ఉండి. కంగారులో రాడ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. వచ్చినదంతా ఒకే గుట్టగా పడింది. పైన చూస్తే తెల్లటి పొడి, పిండి జల్లినట్టు.

పదహారు రాడ్లు దిగాయి. మూడొందల ఇరవై అడుగులు. చుక్క తడి లేదు. ఆపరేటరు ఇంజను ఆపేసి, "ఇది ఫెయిల్ మేడమ్. భోజనం చేసి రాడ్లు తీసేస్తాం" అన్నాడు.

అందరం చావిడి అవతల వేపచెట్టు కింద కూర్చుని తిన్నాం. ఎనిమిది మందిమీ అక్కడే. వడ్డించింది నేనే కనుక ఎవరు లేచారో, ఎవరు లేవలేదో నాకు తెలుసు. మధ్యలో ఎవరూ లేవలేదు. ఆ గాడ్పులో లేచి తిరిగే ఓపికా ఎవరికీ లేదు.

తిరిగి వెళ్లేసరికి గుట్ట లేదు.

గట్టు మీద పదహారు చిన్న కుప్పలున్నాయి. కుడి నుంచి ఎడమకు. ప్రతి కుప్పలో సగం తడిసి ఉంది. చిట్టచివరి దాని మీద తంగేడు రెమ్మ గుచ్చి ఉంది.

ఫోను తీసి ఫొటో కొట్టాను. టైము ఒకటీ నలభై. తర్వాత వంగి ఆ చివరి కుప్ప చేత్తో తడిమాను. చేతికి తడి తగిలింది. తెల్లపొడి మధ్య గోరంత రాతి ముక్కలు పది పన్నెండు ఉన్నాయి, ఒక వైపు తుప్పు రంగుతో. మిగతా పదిహేనింటిలో అలాంటి ముక్క ఒక్కటీ లేదు.

నాకు భయం వేయలేదు. ఎందుకో కోపం వచ్చింది, ఎవరో నాతో ఆడుకుంటున్నారని. పనివాళ్లను గట్టిగా అడిగాను. మీరు వడ్డిస్తుంటే తింటూనే ఉన్నాం కదా మేడమ్, అన్నారు. సాంబయ్య బాబాయి తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయాడు.

"పగులు ఇప్పుడే మొదలైంది, నీళ్లు దీని కిందే ఉండాలి. ఇంకో రెండు రాడ్లు దించండి" అన్నాను.

ఆపరేటరు ఒప్పుకోలేదు. దండగ అన్నాడు, అడుగున రాయి కొట్టే సుత్తి లోపల ఇరుక్కుంటే ఎవరిది పూచీ అన్నాడు. నాది అన్నాను. పదిహేడో రాడ్డుకు మళ్లీ పొడే. పద్దెనిమిదోది సగం దిగాక ఇంజను చప్పుడు మారింది. ముందు బురద చిమ్మింది, తర్వాత నీళ్లు. మమ్మల్నందరినీ తడిపేశాయి. నేను ఏడ్చానని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

సాయంత్రం వ్యాపారి లారీలు వచ్చేసరికి పైకి చిమ్మిన నీళ్లు బకెట్లతో తొట్టిలో పోశాం, పశువులు చుట్టూ మూగి తాగుతున్నాయి. చేతులు జోడించి ఆయన్ను పంపించేశాను. పాపం, ఖాళీ లారీలతోనే వెళ్లాడు.

నాన్న దగ్గర పని నేర్చుకున్న కుర్ర జియాలజిస్టు ఒకతను ఇప్పుడు అదే ఉద్యోగంలో ఉన్నాడు. ఆ కుప్పలన్నీ విడివిడిగా సంచుల్లో కట్టి అతనికి ఇచ్చాను, జరిగింది చెప్పకుండా. వారం తర్వాత ఫోను చేశాడు. "ఎవరు వేరు చేశారండి మేడమ్? లోతు ప్రకారం చాలా శుభ్రంగా ఉంది" అన్నాడు. అప్పుడు చెప్పాను. ఒకసారి కలిసిపోయిన పొడిని లోతు ప్రకారం మళ్లీ విడదీయడం ఎవరి వల్లా కాదండి, అన్నాడు.

నేనూ నా బుర్రకు అందినవన్నీ ఆలోచించాను. పనివాళ్లలో ఒకడు సరదాకి చేశాడనుకుందాం. వాడికి ఎడమ వైపు వరస ఎలా తెలుసు? బాబాయి చేశాడనుకుందాం, ఆయనకు తెలుసు కాబట్టి. ఆయన నా ఎదురుగా కూర్చుని రెండోసారి పెరుగు వేయించుకున్నాడు. పైగా తొట్టిలో ఉన్న ఆఖరి నీళ్లు పశువులు పొద్దున్నే తాగేశాయి; ఆ రోజు పొలంలో మిగిలింది బిందెడు తాగే నీళ్లు, అదీ మా దగ్గరే ఉంది. ఎటు నుంచి వేసినా ఈ లెక్క తేలడం లేదు. నా దగ్గర ఆధారం ఉంది నాన్నా, కారణమే లేదు.

అమ్మకు మాత్రం ఇందులో వింతేమీ కనిపించలేదు. ఆ రోజు తొట్టి దగ్గర దూడను తోసుకుంటూ నీళ్లు తాగుతున్న గేదెను అదిలిస్తోంది. అమ్మా, ఆ కుప్పలు ఎవరు పోశారంటావు, అని అడిగాను. నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"మీ నాన్న ఏనాడైనా పని సగంలో వదిలి ఇంటికొచ్చాడటే?" అంది.