ఉత్త చేతులతో పది నిమిషాలు

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ల తర్వాతి మాట. నాకప్పుడు నలభై తొమ్మిది. కట్టంగూరు దగ్గరి పల్లెలో మా అత్తగారిల్లు, ఆటో దూరంలో నేను పాఠాలు చెప్పే బడి. ఒకరోజు మూడో తరగతి పిల్లలకు తీసివేతలు చెబుతుంటే చేతిలోంచి చాక్‌పీసు జారిపడింది. వంగి తీసుకోబోతే వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి నాదే, నా మాట వినలేదు. కాసేపటికి మళ్లీ మామూలైంది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాననుకుంటాను.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మది నా కూతురంత వయసు. పరీక్షలన్నీ చేయించి, "ఈసారి చెయ్యి తిరిగొచ్చింది. ఇంకోసారి రాకపోవచ్చు" అంది. బీపీకి గోళీలు రాసింది, పచ్చళ్లు తగ్గించమంది. నడవమంటుందనుకున్నాను. కానీ ఆమె నా రోజు ఎలా గడుస్తుందో చెప్పమంది. నాలుగున్నరకు లేవడం, వాకిలి ఊడ్చి పేడనీళ్ల సాన్పి చల్లి ముగ్గు వేయడం, నల్లా నీళ్లు పట్టడం, వంట, డబ్బాలు, ఆటో, బడి, మళ్లీ ఆటో, మళ్లీ వంట, గిన్నెలు. సగంలోనే ఆపమని చెయ్యెత్తింది. "నడక మీకు సరిపోతోంది. గోళీ మరవకండి, గిన్నెలు మిగిలినా సరే తొందరగా పడుకోండి. రోజూ పొద్దున పది నిమిషాలు ఉత్త చేతులతో కూర్చోండి. ఫోను వద్దు, పని వద్దు, మాట వద్దు" అంది. నాకు ఒళ్లు మండింది. బడికి సెలవు పెట్టి, అంతసేపు వరుసలో నిలబడింది కూర్చోమని చెప్పించుకోవడానికా?

చెయ్యి సంగతి ఇంట్లో చెప్పలేదు. బీపీ అని మాత్రం చెప్పాను. బీపీ అందరికీ ఉండేదే కాబట్టి ఎవరూ కంగారు పడలేదు.

పని మొదలుపెడితే ఆగనని నాకు తెలుసు. అందుకే మర్నాడు లేవగానే, చీపురు ముట్టకముందే, వీధి అరుగు మీద కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఒళ్లో పెట్టుకున్నాను. పప్పు నానబెట్టానా, బత్తాయి తోట దగ్గర పడుకున్న మా ఆయనకు టీ ఎవరు పంపాలి, నల్లా వచ్చే వేళయిందా అని బుర్ర మాత్రం ఇల్లంతా తిరుగుతోంది. ఎదురింటామె పాల క్యాను పట్టుకుని పోతూ ఆగింది. పొడిగా ఉన్న వాకిలి చూసింది, నన్ను చూసింది. ఏమీ అడగకుండా వెనక్కి మళ్లింది.

మా దిక్కు తెల్లవారి వాకిట్లో సాన్పి లేక, ముగ్గు లేక, ఇంటామె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుందంటే దానికి ఒకటే అర్థం. మా అత్తకు ఎనభై దాటాయి, వారం రోజులుగా దగ్గుతోంది కూడా. పావుగంటలో నలుగురు ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకుని వచ్చారు. ఒకామె అప్పటికే ఏడుస్తోంది. "అయ్యో, పెద్దమ్మ ఎప్పుడు పాయె అక్కా?" అని నా భుజం పట్టుకుంది. అప్పుడే మా అత్త మేకపాల చెంబుతో పెరట్లోంచి వచ్చి, "ఎవ్వలు పోయిండ్రే?" అంది.

వచ్చిన నలుగురికీ నేనే టీ పెట్టాల్సి వచ్చింది. బడికి ఆలస్యమైంది. మా అత్త వారం రోజులు దెప్పుతూనే ఉంది: "పొద్దుగాల్నే నన్ను సంపి కూసున్నవు గదనే!"

తర్వాత పెరట్లో మేకల పాక పక్కకు మారాను. "ఉత్తగనే ఉన్నవు గద, జర గీ చిక్కుడుకాయలు తుంచు" అని అత్త చాట తెచ్చి ముందు పెట్టేది. "కూసుంటే కూసున్నవు గని, గా మోటరు కాడికి టీ పంపరాదు?" అని తోటకు పోతూ మా ఆయన. తప్పంతా వాళ్లదే అనను. కూర్చున్నప్పుడల్లా నాకే ఎవరి సొమ్మో కాజేస్తున్నట్టు ఉండేది. నెల తిరిగేసరికి మానేశాను. గోళీలు కూడా గుర్తొస్తే వేసుకునేదాన్ని. డాక్టరమ్మ అడిగితే మాత్రం, హోంవర్కు చేయని పిల్లలా, కూర్చుంటున్నానని చెప్పాను.

ఆ చలికాలంలో ఒక పొద్దున ముగ్గు వేస్తుంటే గీత మధ్యలో పిండి కుప్పగా జారిపోయింది. వేళ్లు మళ్లీ మాట వినలేదు. తడి నేల మీదే కూలబడ్డాను. ఇక బోర్డు మీద రాయలేను, కలిపిన ముద్ద నోటిదాకా ఎత్తలేను అని ఏడ్చాను. అత్త గడపలోంచి చూసి, వంగిన నడుముతోనే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు అంతా చెప్పాను. దవాఖానకు చేరేలోపే చెయ్యి వచ్చింది. డాక్టరమ్మ నన్ను గట్టిగా కోప్పడి గోళీలు మార్చింది. ఈసారి పక్కన మా అత్త ఉండి అంతా విన్నది.

మర్నాడు నేను లేచేసరికి వాకిట్లో నీళ్లు చల్లుతున్న చప్పుడు. ఎన్నో ఏళ్లుగా ముగ్గు జోలికి పోని మా అత్త నాలుగు వంకర గీతలు గీసి, నడుం పట్టుకుని నిలబడింది. "కూసో. ఇంట్ల ఎవ్వలు చావలేదని ఊరందరికి తెల్వాలె గద" అంది. తనూ వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. ఎదురింటామె ఆగి, "ఏంది, అత్తాకోడండ్లు పొద్దుగాల్నే కూసున్నరు?" అంది. "కూసున్నం. ఏం, కూసోవద్దా?" అంది మా అత్త.

అలా రోజూ సాగింది. కూర్చుంటే అలసట పోతుందనుకున్నాను. పోలేదు, ఎంత పేరుకుందో తెలిసింది. కాపురానికి వచ్చిన ఇరవై ఆరేళ్ల అలసట పది నిమిషాలకు ఎక్కడ కదులుతుంది? అయినా గోళీ మరవడం మానేశాను, రాత్రి గిన్నెలు తొట్టిలో వదిలేసి పడుకోవడం నేర్చుకున్నాను. పక్కన మా అత్త చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఒళ్లో లేని బియ్యంలోంచి రాళ్లు ఏరుతున్నట్టు వేళ్లు కదుపుతూనే ఉండేది. నేను చూస్తే కొంగు కింద దాచుకునేది.

ఒకరోజు మాట వద్దన్న నియమం తనే తప్పింది.

"గిట్ల ఉత్తగ కూసున్నది నేను ఒక్కపారే. మీ మామ పోయినప్పుడు. పదకొండు దినాలు ఎవ్వలు పని చెప్పలె. చుట్టాలే వండి పెట్టిండ్రు."

నేను ఆమె వైపు తిరిగాను.

"ఏడ్సిన, ఏడ్వలేదంటలేను. గని బిడ్డా, గా దినాలల్ల పట్టిన నిద్ర మల్ల నాకెన్నడు పట్టలె."

అనేసి, ఎవరైనా విన్నారేమోనని వీధి అటూ ఇటూ చూసింది. అరవై ఏళ్ల చాకిరీలో ఆమెకు దొరికిన సెలవు అదొక్కటే. ఆమె పక్కన ఇరవై ఆరేళ్లున్నాను, ఒక్కనాడూ కూర్చోమని నేను అనలేదు.

కాసేపటికి, "అయినయా పది నిమిషాలు?" అని అడిగింది.

ఎప్పుడో అయిపోయాయి. నల్లా కూడా వచ్చి, పట్టేవాళ్లు లేక ఉత్తగా పోతోంది.

"ఇంకా శానా ఉన్నయి అత్తమ్మా" అన్నాను.