పక్కన వదిలిన చోటు

మా తమ్ముడి కూతురి పెళ్ళి ఫోటోలు మొన్న ఫోనులో వచ్చాయి. పెళ్ళి మాఘమాసంలో, సూరత్ శివార్లలో కామ్‌రేజ్ దగ్గర ఒక పార్టీ ప్లాట్‌లో జరిగింది. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పచ్చిక మైదానాలను ఇక్కడ అలాగే అంటారు. ఒక్కొక్కటే జరుపుకుంటూ పోతూ ఉంటే ఒక ఫోటో దగ్గర నా వేలు ఆగిపోయింది. అందులో పెళ్ళికూతురికీ నాకూ మధ్య మా ఆయన నిలబడి ఉన్నారు. బూడిదరంగు కోటు వేసుకుని, పళ్ళు కనబడేలా నవ్వుతున్నారు. పెళ్ళికూతురు నవ్వుతోంది, నేనూ నవ్వుతున్నాను. మా ఆయన పోయిన వానాకాలంలో కన్నుమూశారు. కోటు అనేది ఆయన బతికుండగా ఎన్నడూ వేసుకున్నది లేదు. ఫోటో కింద బంధువులందరూ దండాల బొమ్మలూ కన్నీటి బొమ్మలూ పెట్టారు. మామయ్య నిజంగా వచ్చి దీవించినట్టే ఉందని ఒకరు రాశారు. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఆయన ముఖం మీద వెలుతురు కుడివైపు నుంచి పడుతోంది, మా ముఖాల మీద ఎడమవైపు నుంచి పడుతోంది.

మా స్టూడియోలో ఇలాంటి తప్పు జరిగి ఉంటే ఆ ప్రింటు గడప దాటేది కాదు.

మా తరంవాళ్ళకు ఆ స్టూడియోల సంగతి కొత్తగా చెప్పక్కరలేదు. మాది లింబాయత్‌లో ఒక సందులో ఉండేది. మా నాన్న రైల్వే ఉద్యోగి కాబట్టి నేను సూరత్‌లోనే పెరిగాను, కాలనీ లైబ్రరీలో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ అట్టలు ఊడేదాకా చదివాను. మా ఆయన ఉత్తర తెలంగాణ నుంచి సాంచాలు నడపడానికి వచ్చి, అంటే కరెంటు మగ్గాల మీద పనికి వచ్చి, ఆ చప్పుడు పడక ఫోటోల పని నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ కుచ్చిళ్ళు సర్దడం, పిల్లల ముక్కులు తుడవడం నాకు అప్పగించారు; తర్వాత సన్నని బ్రష్షుతో ప్రింట్ల మీద మచ్చలు దిద్దే పని కూడా నాదే అయింది. మాకు పిల్లలు లేరు. పొద్దంతా ఇద్దరం ఆ గదిలోనే ఉండేవాళ్ళం.

ఏడాది పొడుగునా వచ్చేవాళ్ళు మారుతూ ఉండేవారు. ఉత్తరాయణం పతంగుల రోజులు గడిచాక పిల్లలు మాంజా దారానికి తెగిన వేళ్ళతో వచ్చేవారు, ఆ చేతులు వీపు వెనక పెట్టుకోమని చెప్పేదాన్ని. ఎండాకాలం ఊళ్ళలో పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చిన కొత్త జంటలు ఇద్దరి మధ్య ఇంకొకరు కూర్చునేంత ఎడం పాటించేవారు. వానాకాలం ప్రింట్లు ఆరక గదంతా తాళ్ళు కట్టి ఫ్యాను కింద వేలాడదీసేవాళ్ళం, ఆ నెలల్లో పాస్‌పోర్టు ఫోటోలు తప్ప వేరే గిరాకీ లేదు. దీపావళికి వరాఛా నుంచి వజ్రాలు సానపట్టేవాళ్ళ కుటుంబాలు, వాళ్ళ సందులోని స్టూడియోలు నిండిపోయి, కొత్త బట్టలతో మా దాకా వచ్చేవి. వాటికంటే ముందు, దసరాకు, మా సొంత మనుషులు వచ్చేవారు. ఊరికి పోలేకపోయిన సాంచాల పనివాళ్ళు. వాళ్ళకు కావలసింది సగం ఫోటో.

ఈ సగం ఫోటో గురించి ఇప్పటివాళ్ళకు తెలియదు. భర్త సూరత్‌లో ఉంటాడు, భార్య ఊళ్ళో ఉంటుంది, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో గోడ మీద ఉండాలి. అందుకని అతను ఇక్కడ మా బెంచీ మీద ఎడమ చివర కూర్చునేవాడు, కుడి సగం ఖాళీ. ఊళ్ళో స్టూడియోలో ఆమె కుడి చివర కూర్చునేది, ఎడమ సగం ఖాళీ. బెంచీ ఎంత ఎత్తుండాలో, దీపం ఏ వైపు నుంచి వేయాలో మా ఆయన ఆ ఊరి ఫోటోగ్రాఫర్‌కు కార్డు రాసేవారు. ఆ ఫోటో వచ్చాక రెండింటినీ ఒకే కొలతకు తెచ్చి, బ్లేడుతో కోసి, అతికించి, అతుకు కనబడకుండా నేను బ్రష్షుతో దిద్దితే, దాన్ని మళ్ళీ ఫోటో తీసేవారు. "ఇటు జరుగు, పక్కన జాగా ఉంచు" అని నేను వందలమందికి చెప్పి ఉంటాను.

అలా వచ్చేవాళ్ళలో వరసకు నాకు అన్న అయ్యే ఒకాయన ఉండేవాడు, మా ఆయన ఊరివాడే. మొదటి దసరాకు బెంచీ మీద కూర్చుని మా ఆయనను అడిగాడు.

"బావా, చెయ్యి ఏడ వెట్టాలె?"

"ఒళ్ళె వెట్టుకో. బరువైతాందా?"

"గట్లెట్ల? పక్కపొంటి పెండ్లాం కూసుంటె భుజం మీద చెయ్యి ఏస్తరు గద."

"ఆమె కూసున్ననాడు ఏద్దువు. ఇప్పుడు గాలి మీద ఏస్తవా?"

"గాలి మీదనే ఏస్త. నువ్వు ఆమెను తెచ్చి చేతికింద కూసోవెట్టు. గదే గద నీ పని."

మొండివాడు. చెయ్యి చాపి గాలిలో అలాగే పట్టుకున్నాడు. ఆమె ఫోటో వచ్చాక చూస్తే మనిషి పొట్టి, చెయ్యి ఆమె భుజానికి బెత్తెడు పైన ఆగిపోయింది. చేసేది లేక నేను ఆమె పైటను చేతి దాకా ఎత్తి రంగు దిద్దాను. మరుసటి ఏడు వచ్చి, "చెల్లె, మా ఇంటిదానికి ఒక్క భుజం పెంచినవట. ఊరంత నవ్వుతున్నరు," అన్నాడు. అని మళ్ళీ అలాగే చెయ్యి చాపాడు.

ప్రతి దసరాకు వచ్చేవాడు. వచ్చే దసరాకు ఆమెను తెస్తానని, ఇద్దరమూ ఈ బెంచీ మీదే కూర్చుంటామని, అప్పుడు చెల్లె బ్రష్షుకు పనుండదని చెప్పేవాడు. నిజంగానే తేవాలనుకున్నాడు. మొదట్లో అతనుండే ఖోలీలో, ఆ ఇరుకు అద్దె గదిలో, పగటి షిఫ్టువాళ్ళు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టువాళ్ళు పడుకునేవారు. ఆడమనిషిని అక్కడికెలా తెస్తాడు? వేరే గది దొరుకుతుందని కడోదరాలో ఒక మిల్లుకు మారాడు. గది దొరికింది గాని, ఆమె బీడీలు చుట్టేది, ఊరు వదిలితే బీడీల కార్డు, దానితో వచ్చే పీఎఫ్ పోతాయని పెద్దవాళ్ళు వద్దన్నారు. ఆ తర్వాత అతని తండ్రి మంచం పట్టాడు. ఫోటోల్లో మాత్రం వాళ్ళ సంసారం సాగుతూనే ఉంది. ఒక ఏడు ఆమె ఒళ్ళో బిడ్డ వచ్చింది, తర్వాత ఆ బిడ్డ దిగి బెంచీ పట్టుకుని నిలబడింది. అతను ఊరికి పోయినప్పుడు ఆ పిల్ల గోడ మీది మనిషినీ గుమ్మంలోని మనిషినీ మార్చి మార్చి చూసిందట. అది కూడా నవ్వుతూనే చెప్పాడు.

ఒక వానాకాలం అతనికి జ్వరం పట్టి, దగ్గు తగ్గక, కడోదరాలోనే ప్రాణం పోయింది. వానలకు రైళ్ళు ఆగిపోయాయి. కబురు అందినా ఆమె సమయానికి రాలేకపోయింది. తోటి పనివాళ్ళు, వాళ్ళతో పాటు మా ఆయన, తాపీ నది ఒడ్డున దహనం చేసి వచ్చారు. అస్థికల కోసం ఆమె మరిదిని వెంటబెట్టుకుని వచ్చింది. సూరత్‌ను ఆమె చూడడం అదే మొదలు.

తిరుగు రైలుకు ముందు మా స్టూడియోకు వచ్చారు. ఇన్నేళ్ళ ఫోటోలూ పాత చీర ముక్కలో మూటగట్టి తెచ్చింది.

"అన్నా, గివిట్లకెళ్ళి ఆయినెను ఒక్కన్నే తీసియ్యి. దినాలకు కావాలె."

మా ఆయన అతని నెగెటివ్‌ల కవరు తీసుకుని లోపలి చీకటి గదిలోకి వెళ్ళారు. అతికించినవి ఎన్ని ఉన్నా, అసలు తీసినవి మా దగ్గర విడిగానే ఉండేవి. వాటిని కొత్తగా విడదీసే పనే లేదు. కాసేపటికి తడి ప్రింటు పళ్ళెంలో పెట్టి తెచ్చారు. బెంచీకి ఎడమ చివర అతను, పక్కన ఖాళీ, ఆ ఖాళీ మీద చాచిన చెయ్యి.

ఆమె అలాంటి ఫోటో ఎప్పుడూ చూడలేదు. ఆమె దగ్గరకు పోయినవన్నీ కలిపినవే. మా ఆయన వేలితో భుజం దగ్గర గీత చూపించి, ఇక్కడి దాకా కోసి పెద్దది చేస్తానన్నారు.

"చెయ్యి?"

"తీసేస్త. ఒక్కడే ఉన్నట్టు రావాలె గద."

ఆమె పళ్ళెం మీదికి వంగి చూసి, నన్ను అడిగింది.

"వదినె, ఈ జాగ నాదా?"

నీదేనని చెప్పాను.

"ముట్టకు అన్నా. ఇట్లనే పెద్దగ చేసియ్యి."

మరిది విసుక్కున్నాడు. "సగం బెంచికి దండేస్తవా వదినే? మంది జూసి నవ్వుతరు."

"నా భుజం జూసి ఇన్నేండ్లు నవ్విన్రు. బెంచి జూసి గూడ నవ్వనియ్యి."

ప్రింటు ఆరేదాకా కూర్చోమన్నాను. ఆమె వెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చుంది. కుడి చివర కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే ఎడమ సగం ఖాళీ వదిలింది. ఏటేటా ఊళ్ళో స్టూడియోలో కూర్చుని కూర్చుని ఆ మనిషికి బెంచీ అంటే అదే అలవాటైపోయింది. కెమెరా ఎదురుగా స్టాండు మీద సిద్ధంగా ఉంది. మా ఆయన దాని మీద నల్లగుడ్డ కప్పి, దీపాలు ఆర్పి, బయటికి వెళ్ళి నిలబడ్డారు.

సగం ఫోటోలు మేము ఆ తర్వాత కూడా చేశాం. అది మా తిండి. కాని అప్పటి నుంచి మా ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. కలిపిన ఫోటోతో పాటు కలపనిది కూడా ఒకటి కవరులో పెట్టి ఇచ్చేవారు. కొందరు అదెందుకని అక్కడే చింపి పారేసేవారు. అయినా ఆయన ఇవ్వడం మానలేదు, ఫోన్లు వచ్చి, స్టూడియో మూతబడేదాకా.

ఇప్పుడు కామ్‌రేజ్ పెళ్ళి సంగతి చెప్పాలి. ఆయన సంవత్సరీకం ఇంకా కాలేదు గనుక పెళ్ళినాడు నేను వేదిక కిందే ఒక కుర్చీలో కూర్చున్నాను. మేనకోడలు దిగి వచ్చి చెయ్యి పట్టి పైకి లాగింది. వరుడి వైపు పెద్దావిడ చూపు నాకు తెలుస్తూనే ఉంది. ఫోటో తీసే గుజరాతీ కుర్రాడు, "మాసీ, థోడీ జగ్యా రాఖో," అన్నాడు, కాస్త చోటు ఉంచమని. నేను ఒక అడుగు జరిగాను. ఇంకా జరగమని చెయ్యి ఊపాడు. పెళ్ళికూతురిని తగలకుండా విధవను ఎడంగా నిలబెట్టమని వాళ్ళెవరో చెప్పి ఉంటారని అర్థం చేసుకుని, ఇంకొక అడుగు జరిగాను. దిగి వచ్చి భోజనం చేయకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ మాట వారాల తరబడి లోపల నలిగింది. తమ్ముడితో అనలేదు, ఎవరితోనూ అనలేదు. జీవితమంతా మనుషులకు పక్కన జాగా ఉంచమని చెప్పినదాన్ని, అదే మాట నాతో అంటే గుర్తుపట్టలేకపోయాను.

ఫోటో చూసిన సాయంత్రం మేనకోడలికి ఫోన్ చేశాను.

"అత్తా, సర్‌ప్రైజ్ ఇద్దామనే చెప్పలే. మామయ్య కేవా లాగే ఛే, చూశావా? ఏక్‌దమ్ హీరో!"

ఎలా ఉన్నారని అడిగితే, బాగున్నారన్నాను. ఆ పిల్లకు ఆయనంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. కలపకముందుది ఉంటే పంపమని అడిగాను.

"అదెందుకు అత్తా? మధ్యలో ఖాళీ, అజీబ్‌గా, ఏదోలా ఉంటది. చూసినోళ్ళు మనం కొట్లాడినమనుకుంటరు."

"అనుకోనియ్యి. పంపు."

రెండు రోజులకు వచ్చింది. పెళ్ళికూతురు, ఖాళీ, ఆ చివర నేను. నేను నవ్వడం లేదు. పెదవులు బిగించి, పక్కకు చూస్తూ, అవమానం మింగిన ముఖంతో నిలబడి ఉన్నాను. కలిపిన ఫోటోలో నా నవ్వు కూడా ఆయన కోటులాగే వాళ్ళు తొడిగిందే.

మేమూ అబద్ధాలే చేశాం, నేనేమీ కాదనను. అయితే మా బెంచీ మీద కూర్చున్నవాడికి పక్కనున్న ఖాళీ ఎవరిదో తెలుసు, వచ్చే దసరా దాకా దాన్ని మోసుకుని తిరిగేవాడు. ఇప్పుడు పక్కన ఖాళీ అయినవాళ్ళకు ఆ సంగతి తెలిసేలోపే దాన్ని నింపి, నవ్వించి, అందరికీ పంపేస్తున్నారు. అది ప్రేమేనంటారు. కావచ్చు. ఏడవడానికి మాత్రం చోటు మిగలడం లేదు.

కలపని ఫోటోకు పటం కట్టించి ముందు గదిలో పెట్టాను. వచ్చినవాళ్ళు మధ్యలో ఆ ఖాళీ ఏమిటని అడుగుతారు. మా ఆయనదని చెబుతాను. వాళ్ళు ఫోను తీసి, ఆయన ఉన్నదే బాగుంది కదా అని నాకే చూపిస్తారు.