మా ఇంటి కోడికూర, మా అమ్మాయి రిపోర్టు

పధ్నాలుగేళ్లుగా అమలాపురంలో ఒక చిన్న ల్యాబులో పని చేస్తున్నాను. రక్తం, మూత్రం, మలం, కఫం... మనుషులు చూడ్డానికి ఇష్టపడనివన్నీ చూడడమే నా ఉద్యోగం. రోగి ఒంట్లో ఉన్న క్రిమి ఏ మందుకు చస్తుందో, దేనికి చావదో కనిపెట్టి డాక్టరుకు రాసి పంపడం అందులో ఒక భాగం. చచ్చే మందు పక్కన ఎస్ అనీ, చావని మందు పక్కన ఆర్ అనీ రాస్తాం. కొన్నేళ్లుగా ఆర్‌లు పెరుగుతున్నాయని నాకు తెలుసు. తెలిసినా, మధ్యాహ్నం కాగానే చేతులు కడుక్కుని క్యారేజీ విప్పేదాన్ని. అవి ఎవరివో కాగితాలు.

మా అన్నయ్యకు కొత్తపేట దగ్గర కోళ్లఫారం ఉంది. పోయినేడాది ఒక ఆదివారం ఏదో పనిమీద ఇటు వస్తూ, తన ఫారం కోళ్లు రెండు కోయించి సంచిలో పెట్టుకుని తెచ్చాడు.

"మనింటి కోళ్లుండగా బజారులో కొంటావేంటమ్మా?" అన్నాడు.

మావారు కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేనూ, మా అత్తగారూ, ఎనిమిదేళ్ల మా అమ్మాయీ. ఒక కోడిని ఫ్రీజర్‌లో పెట్టి, రెండో దాని ముక్కలు నేనే కడిగాను. పెద్ద ముక్కల్ని కత్తిపీట మీద చిన్నవి చేశాను. ఆ కత్తిపీటనే కుళాయి కింద ఒకసారి తిప్పి, కీరదోస, ఉల్లిపాయ తరిగి పెరుగుపచ్చడి కలిపాను. కూర అత్తగారు వండారు. మా అమ్మాయికి ఆ కారం పడదు. పెరుగుపచ్చడితో అన్నం తినేసి లేచిపోయింది.

మర్నాడు బడినుంచి వచ్చేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. ఆ మర్నాడు విరేచనాలు పట్టుకున్నాయి, వాటిలో నెత్తురు జీర. వీధి చివరి డాక్టరుగారు సిరప్ రాశారు. మూడు రోజులు తాగించినా జ్వరం దిగలేదు. శుక్రవారం ఉదయం పిల్లల ఆసుపత్రిలో చేర్చాను. అక్కడి డాక్టరమ్మగారు పాత చీటీ చూసి పెదవి విరిచారు.

"ఈ మందు పట్టినట్టు లేదండి. వేరే ఇంజెక్షన్ మొదలెడతాను. ఈలోగా కల్చర్‌కి పంపిద్దాం. మీ ల్యాబేగా?"

"ఆయ్," అన్నాను.

ఆ శాంపిల్ నేనే తీసుకెళ్లాను, క్రిములు పెంచే ప్లేటు మీద నేనే గీశాను. క్రిములు పెరగడానికి ఒక రోజు పడుతుంది, మందులు పరీక్షించడానికి ఇంకో రోజు. ఆ సంగతి కొన్ని వందల మందికి నవ్వుతూ చెప్పి ఉంటాను, "కంగారు పడకండి, రెండ్రోజుల్లో వచ్చేస్తదండి" అని. ఇప్పుడు ఆసుపత్రికీ ల్యాబుకీ మధ్య స్కూటీ మీద తిరుగుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో ఉంటే ప్లేటు మీద ధ్యాస, ల్యాబులో ఉంటే పిల్ల మీద. గంటకోసారి ఇంక్యుబేటర్ తలుపు తీసి చూస్తుంటే మా సీనియర్ టెక్నీషియన్‌గారు పక్కకు వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, మీరలా తీస్తా ఉంటే లోపల వేడి నిలవదండి. మీకు తెలీందా?"

తెలుసు. ఆయన వెళ్లగానే మళ్లీ తీశాను.

శనివారం ఉదయం ప్లేటు మీద నడిమధ్య నల్లటి చుక్కలతో క్రిముల గుంపులు గుండ్రంగా లేచాయి. సాల్మొనెల్లా. కోడిమాంసంలో, గుడ్లలో తరచూ కనిపించే క్రిమి. కానీ మా అమ్మాయి కోడికూర ముట్టుకోలేదు కదా! స్నానానికి ఇంటికి వచ్చి, మంచినీళ్లలోకి ఐసు కోసం ఫ్రీజర్ తలుపు తీస్తే మిగిలిన కోడి కనిపించింది. సంచి అడుగున ఎర్రటి నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, కత్తిపీట. కూర ఉడికింది, పచ్చడి ఉడకలేదు. మా అత్తగారు వంటింట్లోకి వచ్చేసరికి నేను నేలమీద కూర్చుని ఉన్నాను.

"ఏమైందే?" అన్నారావిడ.

"నేనే పెట్టేనత్తయ్యగారూ," అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. చెప్పే ఓపిక నాకు లేదు.

ఆ సంచి పట్టుకుని ల్యాబుకు వెళ్లాను.

"అయ్యబాబోయ్, ల్యాబుకి కోడిని తెచ్చేరేంటండీ!" అన్నారు సీనియర్‌గారు. విషయం చెప్పాక ఆయనే ఒక ప్లేటు తెచ్చి నా ముందు పెట్టారు.

ఆదివారం పొద్దున మా అమ్మాయి ప్లేటు వెలుగులో పెట్టి చూశాను. క్రిములు పరచిన ప్లేటు మీద మందు పూసిన కాగితపు బిళ్ళలు వరసగా పెడతాం. మందు పని చేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి తేటగా గుండ్రటి జాగా ఏర్పడుతుంది. దాదాపు అన్ని బిళ్ళలనూ క్రిములు ఆనుకునే పెరిగాయి. సిరప్ మందు, ఆర్. ఆసుపత్రిలో ఎక్కిస్తున్న ఇంజెక్షన్, అదీ ఆర్. రెండే రెండు బిళ్ళల చుట్టూ తేటదనం ఉంది. అందులో ఒకదాని చుట్టూ అంతంతమాత్రం. రిపోర్టు టైపు చేసేదాకా ఆగలేదు. డాక్టరమ్మగారికి ఫోన్ చేసి వరసగా చదివాను.

"ఆ ఒక్కటీ మిగిలింది కదండీ, చాలు," అన్నారావిడ.

మందు మార్చారు. ఆ సాయంత్రం పిల్ల నీరసంగా కళ్లు తెరిచి, "అమ్మా, నువ్వు ల్యాబులో చూస్తున్నావే, ఆ పురుగులు నావేనా?" అని అడిగింది. ఔనన్నాను. "చచ్చిపోయేయా?" అంది. "చస్తున్నాయమ్మా," అన్నాను. అప్పటికి అది నాకూ తెలియదు.

మూడో రోజుకు జ్వరం దిగింది. ఆ రోజే కోడి ప్లేటు కూడా తేలింది. అదే క్రిమి, ఆర్‌లు కూడా అదే వరస. "ఒకేలా ఉన్నంత మాత్రాన అదే ఇదని తేల్చలేమండి, దానికి పెద్ద పరీక్షలు చెయ్యాలి," అన్నారు సీనియర్‌గారు. నిజమే. అయినా నా మనసు నిలవలేదు. పిల్ల దగ్గర అత్తగారిని ఉంచి, అంబాజీపేట మీదుగా కొత్తపేట వెళ్లాను.

అన్నయ్య షెడ్డు కొబ్బరిచెట్ల నీడలో ఉంది. కొత్త బ్యాచ్ కోడిపిల్లలు ఊక మీద పసుపుపచ్చగా కదులుతున్నాయి. తను నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి డబ్బాలోంచి తెల్లటి పొడి కలుపుతున్నాడు.

"ఏంటన్నయ్యా అది?"

"పిల్లలొచ్చిన రోజునుంచీ వేసేదేనమ్మా. మేత కొట్టాయన ఇస్తాడు. జబ్బు రాకుండా."

డబ్బా తిప్పి పేరు చదివాను. మా అమ్మాయి తాగిన సిరప్‌కు దగ్గరి చుట్టం. అదే జాతి మందు. ఉన్నదంతా చెప్పాను. తను మేత బస్తా మీద కూలబడ్డాడు.

"అంటే, నా మేనకోడలికి నేను విషం పెట్టేనంటావా?"

"పచ్చడి నేను కలిపేనన్నయ్యా. అదే కత్తిపీట మీద కోసేను. ఇన్నేళ్లు ల్యాబులో ఉండి నాకే తోచలేదు."

"మరి ఈ పొడి మానేస్తే? ఒకదానికి రొప్పు జబ్బు తగిలితే షెడ్డంతా పోద్ది. నీకు తెలీదు."

"జబ్బు లేనప్పుడు కూడా ఎందుకన్నయ్యా? రోజూ కొంచెం కొంచెం పోస్తుంటే క్రిములు దానికి అలవాటు పడిపోతాయి. రేపు నిజంగా జబ్బొస్తే కోళ్లకీ పనిచెయ్యదు, మనకీ పనిచెయ్యదు."

తను లేచి డబ్బా మూత పెట్టేశాడు.

మా అమ్మాయి ఇంటికి వచ్చింది, బడికి వెళ్లింది, ఒళ్లు చేసింది. అన్నయ్య పొడి మానేశాడు. ఆ బ్యాచ్‌లో రోజూ కొన్ని చచ్చిపోయాయి. చచ్చినప్పుడల్లా నాకు ఫోటో పంపేవాడు, కింద ఒక్క మాటైనా రాసేవాడు కాదు. నేను చూసి ఫోన్ బోర్లించేదాన్ని. తరువాత పశువైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన ఊక మార్పించి, గాలి ఆడేట్టు చేయించి, షెడ్డులోకి వేరే చెప్పులతో వెళ్లమని చెప్పారట. ఆ తరువాతి బ్యాచ్ నిలబడింది. ఈలోగా నేను ఊరుకోలేక బజారు చికెన్ కూడా తెచ్చి పరీక్షించాను. అందులోనూ ఆర్‌ల వరసే. అది ఎవరి షెడ్డుదో, ఎవరికెళ్లి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇప్పుడు మా ఇంట్లో మాంసానికి వేరే కత్తి ఉంది. అయినా కూర కుతకుత ఉడికే దాకా గిన్నె దగ్గరనుంచి కదలను. అత్తగారు విసుక్కుంటారు.

పోయినవారం అన్నయ్య ఫోన్ చేశాడు.

"కోళ్లు రొప్పుతున్నాయమ్మా. డాక్టరుగారు చూసేరు. ఈసారి మందు వెయ్యాల్సిందే అన్నారు. ఐదు రోజులు వేసి ఆపెయ్యమన్నారు, తర్వాత కొన్నాళ్లు అమ్మొద్దన్నారు. ఏం చెయ్యమంటావు?"

జబ్బు చేసిన ప్రాణికి మందు వద్దని ఎలా అనను?

"ఆయన చెప్పినట్టే వెయ్యన్నయ్యా. అన్నన్ని రోజులే. తర్వాత ఆపెయ్యి," అన్నాను.

"ఆపేస్తానమ్మా," అన్నాడు.

ఫోన్ పెట్టాక నిలకడగా కూర్చోలేకపోయాను. ఐదో రోజు పొద్దున్నే నేనే ఫోన్ చేసి గుర్తుచేశాను.