మొక్కుకోడి తల విదిలించింది

నా నోటికి అడ్డూ ఆపూ లేదని పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన కనిపెట్టాడు. బెంగాల్లో మేముండే ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ల లైను ఆడవాళ్ళందరికీ కూడా ఆ సంగతి తెలుసు. ఆ చలికాలం చివరి క్వార్టర్ వాళ్ళ కోళ్ళు వరసగా చచ్చిపోతే, కుళాయి దగ్గర నిలబడి అందరూ వినేలా అన్నాను.

"గూడు కడగనోళ్ళ కోళ్ళకే తెగుళ్ళొస్తాయి. మా కోళ్ళని సూడండి, ఒక్కటైనా తుమ్మిందేటి?"

నెల తిరక్కుండా తుమ్మాయి.

మొదట నల్లపెట్ట. పొద్దున్నే గూడు తలుపు తీస్తే లోపలినుంచి సన్నగా గురక వినిపించింది. ముక్కు దగ్గర జిగురు, ఒక కంట్లో నురగ. మాటిమాటికీ తల విదిలిస్తోంది, చెవిలో నీళ్ళు పోయిన మనిషిలా. వారం తిరిగేసరికి ఆరు కోళ్ళలో నాలుగు అదే వరస. పసుపు, వెల్లుల్లి, మిరియాలు నూరి అన్నంలో ఉండలు చేసి మింగించాను. ఫోన్‌లో వీడియోలు చూసి గూట్లో వేపాకు పొగ వేశాను. పొగకి అవి ఇంకా దగ్గాయి. ఇంటి వెనక ఇంత జరుగుతుంటే కుళాయి దగ్గర మాత్రం తల ఎత్తుకునే నిలబడ్డాను.

చివరికి నల్లపెట్టని గుడ్డసంచిలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి బయల్దేరాను. మా లైను మీదుగా వెళ్తే పది మంది చూస్తారని ఖరిదా బజారు వైపు చుట్టూ తిరిగి వెళ్ళాను. దారిలో తెలిసినావిడ ఎదురై సంచిలో ఏటని అడిగింది. గుమ్మడికాయ అన్నాను. గుమ్మడికాయ తుమ్మింది. ఆవిడ నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది. నేను సంచి చంకలో ఇరికించుకుని నడక పెంచాను.

డాక్టరు కుర్రవాడే, బెంగాలీ ఆయన. కోడి ముక్కు నొక్కి చూశాడు, రొమ్ముకి చెవి ఆనించి విన్నాడు. నీళ్ళలో కలిపే పొడి ఇచ్చి, "జాగ్రత్తగా వినండి దీదీ," అంటూ నిదానంగా చెప్పాడు. ఇది ఊపిరితిత్తులకి పట్టే పాత రోగం. మందుతో తగ్గుతుంది కానీ పోదు. తేరుకున్న కోడి చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది, రోగం మాత్రం దాని లోపలే ఉంటుంది. ఈ కోళ్ళలో ఒక్కదాన్ని కూడా ఇంకొకరి కోళ్ళలో కలపకండి. అన్నిటికీ తలూపాను. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకోవడానికి వీల్లేదు. ఆయన రెండుసార్లు చెప్పాడు.

మందు పనిచేసింది. గురక తగ్గింది. అప్పుడే పొడలపెట్ట పొదుగుకి కూర్చుంది.

ఇక్కడ మా లైను పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి పెట్ట పొదుగుకి కూర్చున్నా, గుడ్లున్న వాళ్ళు వచ్చి అడిగితే ఇవ్వాలి. పిల్లలు లేచాక ఒక పిల్లని పెట్టనిచ్చిన వాళ్ళకి ఇస్తారు. పొదుగుకోడిని లేదనడమంటే ఎదుటివాళ్ళ ఇల్లు పెరగడం చూడలేకపోవడమే. మా అత్తగారు కోపమొస్తే నెలల తరబడి మాట్లాడని వాళ్ళకి కూడా కోడిని మాత్రం ఇచ్చేవారట.

గోడవతల క్వార్టర్‌లో ఉండే అత్త వచ్చి అడిగింది. నాకు చుట్టం కాదు, వరస కలిపి పిలుచుకుంటాం, అంతే. ఆవిడ భర్త, నేను మావ అని పిలిచే ఆయన, వర్క్‌షాప్‌లో పనిచేస్తాడు. పోయినేడు ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. గట్టెక్కితే అమ్మవారికి ఇంట్లో పుట్టిన పుంజుని ఇస్తానని అత్త మొక్కుకుంది. ఆ ఎర్రపుంజు కాలికి పసుపుతాడు కట్టుకుని ఆవిడ దొడ్లో తిరుగుతుండేది. ఏటా అమ్మవారికి మొక్కులు తీర్చే మాత పూజకి ఇంకా రెండు నెలలుంది.

"పదకొండు గుడ్లున్నాయే పిల్లా. నీ పెట్టనిచ్చీ."

డాక్టరు మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. మా కోళ్ళకి రోగం అత్తా అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క అంటే సాయంత్రానికి కుళాయి దగ్గరికి చేరుతుంది. గూడు కడగనోళ్ళకే తెగుళ్ళన్నదెవరో అందరికీ గుర్తొస్తుంది. పొడలపెట్టకి పెద్దగా రాలేదు కదా, రెండు రోజులు తుమ్మిందంతే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. గంపతో సహా ఇచ్చేశాను.

పన్నెండో రోజున అత్త అదే గంప చంకలో పెట్టుకుని వచ్చింది. మొహం వాడిపోయింది.

"మా కోళ్ళకి దగ్గు పట్టుకున్నాదే. ఎక్కడ తగులుకున్నాదో ఏటో. నీ పెట్టకి అంటుకోకముందే తీసుకో తల్లీ. అరువు తెచ్చిన కోడికి రోగం తగిలిస్తే నాకు పాపం."

"మరి గుడ్లో?"

"పోనీలేవే, పోతే పోయినాయి. ఏటనుకోకు."

సగం పొదిగిన పదకొండు గుడ్లు నా కోడి కోసం వదిలేసింది. అప్పుడైనా చెప్పొచ్చు. నేనేమన్నానో చెబితే మీరు ఉమ్మేస్తారు. "సరేలే అత్తా, కావాలని సేసినావేటి," అన్నాను. ఆమెని క్షమించాను నేను! ఆమె నా గడ్డం పట్టుకుని పుణికింది. ఆ వేళ్ళు తగిలినచోట ఇప్పటికీ సిగ్గుతో మండుతుంది.

ఆమె బజారుకెళ్ళినప్పుడల్లా మిగిలిన మందుపొడి గోడ మీదుగా వంగి ఆమె కోళ్ళ నీళ్ళ మూకుట్లో కలిపేదాన్ని. దొంగతనం తెలుసు గానీ దొంగమంచితనం నాకు అప్పుడే తెలిసింది. మూడు పెట్టలు చచ్చిపోయాయి. ఎర్రపుంజు బతికింది. గురక తగ్గింది గానీ తల విదిలించడం మాత్రం మానలేదు.

మాత పూజ రోజు. అమ్మవారి ముందు కోడిని నిలబెట్టి పసుపునీళ్ళు చల్లుతారు. కోడి విదిలించుకోవాలి. అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. కొన్ని కోళ్ళు ఎంతకీ కదలవు. ఇంటిల్లిపాదీ చేతులు జోడించి, ఏం తప్పు చేశామో చెప్పు తల్లీ అని బతిమాలుకుంటారు. మా ముందువాళ్ళది అలాగే చాలాసేపు పట్టింది.

అత్త పుంజుని నిలబెట్టారు. నీళ్ళింకా చెంబులోనే ఉన్నాయి. పుంజు గట్టిగా తల విదిలించింది. నీళ్ళు పడ్డాక మళ్ళీ విదిలించింది. డప్పులు ఒక్కసారిగా లేచాయి. పక్కనున్న బెంగాలీ ఆడవాళ్ళు శుభమని నాలుక ఆడిస్తూ ఉలుధ్వని చేశారు. "అడక్కుండానే ఒప్పుకున్నాది!" అన్నారెవరో. మావ కళ్ళు తుడుచుకున్నాడు. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూసినావేటే పిల్లా?"

"సూసినాను అత్తా."

నేను నెల రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఆ గుంపులో ఆ కోడి ఎందుకు తల విదిలిస్తోందో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అమ్మవారికి తెలియకుండా ఉంటుందా? ఆవిడ వైపు తలెత్తి చూడలేకపోయాను. ఇప్పటికీ గోడవతల మావ దగ్గితే నా చేతిలో పని ఆగిపోతుంది.

వానలు తగ్గాక ఒక పొద్దున్న అత్త గోడ దగ్గరికి వచ్చింది. కొంగులో గుడ్లు.

"మీ పొడలపెట్ట మళ్ళీ కూర్చుందటగా. దాని అడుగు మంచిదే. అది మా దొడ్లోకొచ్చినాకే తల్లి అంత బేగి ఒప్పుకున్నాది. ఇరవై రోజులిచ్చీ."

నిజం చెబితే ఇప్పుడు పోయేది నా పరువొక్కటే కాదు, ఆమె మొక్కు కూడా. ఈ సాకు కూడా నాకు సుఖంగానే ఉందని ఒప్పుకుంటున్నాను. కోడిని మాత్రం ఇవ్వకూడదు. మళ్ళీ ఇవ్వకూడదు.

"అది సచ్చిపోనాది అత్తా," అన్నాను.

నా వెనక గంప కిందనుంచి పొడలపెట్ట కొక్ కొక్ మంది.

అత్త గోడ మీదుగా గంపని చూసింది. గంప సందుల్లోంచి పొడల ఈకలు కనిపిస్తూనే ఉన్నాయి. నన్ను చూసింది. కొంగు ముడి మెల్లగా బిగించుకుంది.

"నేదంటే సరిపోను గదే," అని వెళ్ళిపోయింది.

ఆమెతో నేనాడిన అబద్ధాల్లో ఆమె మేలు కోరి ఆడింది అదొక్కటే. మిగతావన్నీ నమ్మింది.

మర్నాడు కుళాయి దగ్గర నేను వెళ్ళేసరికి మాటలు ఆగిపోయాయి. పొదుగుకోడిని లేదన్నాదట అని వెనకనుంచి చివరి క్వార్టర్ ఆవిడ గొంతు వినిపించింది. అత్త అక్కడే ఉంది, నా వైపు తిరగలేదు. నా బిందె నిండేదాకా నిలబడి, ఎత్తుకుని వచ్చేశాను.