బావిలో పెట్టిన కాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎండాకాలం కుంటుకుంటూ వచ్చేది. హుజూరాబాద్‌కు నాలుగు కోసుల దూరంలోని ఆ పల్లెలో కాముని పున్నం దాటిందంటే చాలు, వాడకు నలుగురైదుగురు కాలికి గుడ్డ చుట్టుకుని గోడలు పట్టుకుని నడిచేవాళ్ళు. నారికురుపు అనేవాళ్ళు దాన్ని. కాలి మీద బొబ్బ లేస్తుంది, నిప్పు పెట్టినట్టు మండుతుంది, పగిలితే అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. రెండు మూరల పొడుగు. ఇప్పుడు మన దేశంలోనే ఆ జబ్బు లేదు కనుక, చెబితే మా మనవలు కథ అల్లుతున్నాననుకుంటారు.

నాకు తొమ్మిదో ఏట వచ్చింది. పేరులోనే నారి ఉంది గదా, ఆడపిల్లనని నన్ను వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాను. అప్పటి నా తెలివి అంత. తర్వాత పెద్దగా పెరిగిందని మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోరు. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. అవ్వ మాత్రం ఒంట్లో వేడి ఎక్కువైందని తేల్చేసింది.

దానికి మందు లేదు. ఉన్నదల్లా మా ఊరి మంగలి తాత చెయ్యి. రోజూ పొద్దున వచ్చి, కాలి కింద గిన్నె పెట్టి, పుండు మీద చెంబుతో నీళ్ళు ధారగా పోసేవాడు. పురుగు కాస్త సాగేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, అర చుట్టో ఒక చుట్టో తిప్పి, ఇక రానని బిగిసిన చోట ఆపి గుడ్డ కట్టేవాడు. గిన్నెలో నీళ్ళు బావికి దూరంగా కాలే నేల మీద పారబోసేవాడు. లాగితే తెగుతుంది, తెగితే లోపలి ముక్క కుళ్ళుతుంది. మా వెనకింటి మామ తొందరపడి లాగి ఆరు నెలలు మంచం దిగలేదు. దిగినా ఆయన మడమ మళ్ళీ నేలకు ఆనలేదు.

"కాలు మాత్రం బాయిల వెట్టకు బిడ్డా" అని తాత మొదటి రోజే చెప్పాడు. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ ఆ మంట పగవాళ్ళకు కూడా వద్దు. మా వాడంతా తాగేది మెట్లబావి నీళ్ళు. అందరూ మోకాళ్ళ దాకా దిగి బిందెలు ముంచుకునేవాళ్ళు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు పోయి కింది మెట్టు మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టాను. అబ్బ, ప్రాణం లేచి వచ్చింది. మూడు రోజులు అట్లాగే పోయాను.

నాలుగో రోజు తాత కట్టు విప్పి, నా వేళ్ళ సందులో పాచి చూశాడు.

"బాయి దిక్కు పోయినవా పిల్లా?"

"పోలే తాతా."

ఆయన పుల్లను అర చుట్టు తిప్పి పట్టుకున్నాడు. "కదలకు మరి, తెగుతది" అన్నాడు. అప్పుడు మొదలుపెట్టాడు. నా పురుగు పుల్లకుంది, పుల్ల ఆయన చేతిలో ఉంది. లేచి పారిపోయే వీల్లేని సమయం చూసుకుని చెప్పాడని నాకు తర్వాత అర్థమైంది.

"హుజూరాబాద్ దవాఖానల డాక్టరు సాబ్ చెప్పిండు. గీ పురుగు బయటికొచ్చేదే నీళ్ల కోసమట. కాలు నీళ్లల్ల వడంగనే కండ్లకు కానరాని పిల్లలను ఇడుస్తదట. గా నీళ్లు వడగట్టకుంట తాగినోళ్ల కడుపుల వడి, ఏడాది పెరిగి, కాలు చీల్చుకొని వస్తదట. మొదలు నేనూ నవ్విన. తర్వాత జర చూసిన. చేదబాయి నీళ్లు తాగే పై వాడల ఒక్కలన్న కుంటుతున్నరా? ఊళ్లె చెప్తే, గడ్డం గీకు తాతా, డాక్టరువు గాకు అన్నరు."

ఆ మాట మా అవ్వ కూడా అంది. వేడికీ నీళ్ళకూ పొత్తు ఎట్లా కుదురుతుందని ఆమె వాదన.

మరునాడు పొద్దున మా తమ్ముడు ఆ మెట్లబావి నుంచి తెచ్చిన బిందెలోని నీళ్ళే గటగటా తాగాడు. నాలుగేళ్ళవాడు. అయినా చెప్పలేదు. అవ్వ కొడుతుందని ఒక భయం, బాపు చూపంటే ఇంకో భయం. పురుగు రోజుకింత బయటికి వస్తున్నది, మాట మాత్రం రోజుకింత లోపలికి పోతున్నది. ఇరవై రెండు రోజులకు పురుగంతా వచ్చింది. తాత పుల్లను పొయ్యిలో వేశాక వెక్కి వెక్కి ఏడ్చి చెప్పాను.

ఆయన తిట్టలేదు. అవ్వ కూడా కొట్టలేదు. లేచి పాత చీరకొంగు చింపి, నాలుగు మడతలు పెట్టి బిందె మూతికి కట్టింది. తాత మాట నమ్మని మనిషి నా ఏడుపు నమ్మింది.

"తమ్మునికి వస్తదా తాతా?"

"ఏడాది ఆగితే తెలుస్తది బిడ్డా."

ఆ ఏడాది నేను మనుషుల మొహాలు చూడలేదు, కాళ్ళే చూశాను. తల వంచుకుని నడిచే పిల్లనని ఊళ్ళో నాకు మంచి పేరొచ్చింది. తమ్ముడు పడుకున్నాక వాడి మడమలు, పిక్కలు తడిమేదాన్ని. చక్కిలిగిలి పెడుతున్నానని వాడు తన్నేవాడు.

ఉగాది తెల్లారి వాడి చీలమండ మీద బొబ్బ లేచింది.

తాత వచ్చాడు. మొదటి చుట్టు తిప్పబోయి ఆగి, కళ్ళు నలుపుకున్నాడు. "నాకు చూపు ఆనుతలేదు. నువ్వు తిప్పు" అని పుల్ల నా చేతికిచ్చాడు. నేను తిప్పడం మొదలుపెట్టాను. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, అవ్వ వాడి తొడలు అదిమి పట్టుకుంది. దారం బిగిసింది. ఇంకో వెంట్రుక మందం తిప్పితే తెగేదే.

"ఇడువకు, గుంజకు. గట్లనే ఉండు" అని తాత నా చెవి దగ్గర అన్నాడు.

పద్దెనిమిది రోజులు అట్లా ఉన్నాను. ఒకరోజు వాడు కాలు విదిలిస్తే దారం సాగి సన్నబడింది. ఊపిరి బిగబట్టి, వాడి కాలు ఎటు పోతే పుల్లనూ అటే పోనిచ్చాను. తెగలేదు. పద్దెనిమిదో రోజు తోక కూడా వచ్చింది. వాడు మళ్ళీ పరుగెత్తాడు.

చాలా ఏళ్ళకు, నర్సు చదువు చదివిన మా బిడ్డ చెప్పింది. నీళ్ళలోని చిన్న ఈగలాంటి జీవి ఆ పురుగు పిల్లలను మింగుతుందట. దాని లోపల అవి ముదరడానికి రెండు వారాలు పడుతుందట. అప్పుడు ఆ నీళ్ళు తాగితేనే జబ్బు. అంటే మొదటి రోజే నోరు విప్పి ఉంటే గుడ్డముక్క చాలేది. ఆ బావిలో ఎన్నో కాళ్ళు దిగాయి, ఎవరిదో ఎవరూ చెప్పలేరని ఓదార్చింది. నేను ఊ కొట్టాను.

అయితే ఆ రోజుల్లోనే ఇంకో సంగతి చూశాను. నా చేతికి పుల్ల ఇచ్చిన సాయంత్రమే, దీపం పెట్టే వేళ, అరుగు మీద తాత మా బాపు మీసం కత్తిరిస్తున్నాడు. ఆ మసక వెలుతురులో ఒక్కొక్క వెంట్రుక ఏరి కత్తిరిస్తున్నాడు.

ఆయనకు చూపు ఎందుకు ఆనలేదో అప్పుడు తెలిసింది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరైనా తప్పు చేసి తల వంచుకుని నిలబడితే, దాన్ని సరిచేసే పని వాళ్ళ చేతుల్లోనే పెడతాను. ఎందుకని అడిగితే, నాకు చూపు ఆనడం లేదంటాను.